తెరమీది ముఖం, తీసివేసిన గొంతు

గత డిసెంబరులో బడి సెలవులకు అమెరికాలోని మా చెల్లెలి కూతురి ఇంటికి వెళ్ళే భాగ్యం కలిగింది. ఆమె కాపురం నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీ నగరాన్ని ఆనుకొని ఉన్న క్యారీ పట్టణంలో. అక్కడ తెలుగువారికి కొదువ లేదు. కూరగాయల అంగడిలో గోంగూర దొరుకుతుంది. శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి 2022లో 87 అడుగుల గోపురం కట్టారు. ఆ గోపురం గురించి వ్రాయగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. నేను వ్రాయదలచినది మరొక సంగతి: ఒక హాలీవుడ్ నటి, ఆమె పేరిట వెలసిన మ్యూజియం, అక్కడి నుండి తిరిగి వచ్చి నాలుగు రాత్రులు మేము వరుసగా చూసిన చిత్రాలు.

ఇది మన పత్రికలో వ్రాయదగిన విషయమేనా అని పాఠకులు అడుగవచ్చును. నేనూ నన్ను అడుగుకున్నాను. చివరి వరకు చదివి తీర్పు చెప్పమని నా మనవి.

క్యారీ నుండి తూర్పుగా కారులో ముక్కాలు గంట పోతే స్మిత్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఏవా గార్డ్‌నర్ మ్యూజియం అక్కడే ఉన్నది. ఆమె పేరు చెప్పగానే డర్బన్‌లోని మన పెద్దవారిలో కొందరి ముఖాలు వెలుగుతాయని నాకు తెలుసు. మా అమ్మ తన బీరువా తలుపు లోపలివైపు ఒక పత్రికలో నుండి కత్తిరించిన ఏవా బొమ్మ అంటించుకున్నది. ఒకప్రక్క వినాయకుడు, ఒకప్రక్క ఏవా. గ్రే వీధి ప్రాంతపు సినిమా హాళ్ళలో శనివారం ఆటకు వెళ్ళి ఆమె చిత్రాలు చూసిన రోజులను అమ్మ చివరి వరకు తలచుకున్నది. తెల్లవారి హాళ్ళు వేరు, మన హాళ్ళు వేరు. తెరమీది బొమ్మ మాత్రం ఒక్కటే.

దారిలో పొలాల నడుమ, చూరు విరిగిన పొడవాటి చెక్క కట్టడాలు కనిపించాయి. మా అమ్మాయి భర్తది గుంటూరు జిల్లా. అతడు కారు నెమ్మదిచేసి, "అత్తయ్యగారూ, ఇవి మా ఊరి పొగాకు బ్యారన్లే" అన్నాడు. ఆకు వేలాడగట్టి, పొయ్యి పెట్టి, రాత్రింబవళ్ళు కాపలా ఉండి పండబెట్టే కొట్లు. వర్జీనియా పొగాకు గుంటూరు ప్రాంతానికి వెళ్ళింది ఇటువంటి నేల నుండే. ఏవా గార్డ్‌నర్ పుట్టినది ఆ పొగాకు నేలమీదనే, 1922 డిసెంబరు 24న, గ్రాబ్‌టౌన్ అనే పల్లెలో. ఏడుగురు బిడ్డలలో కడగొట్టుది. తండ్రి పొగాకు, పత్తి పండించి చితికిన రైతు. తరువాత తల్లి బ్రాగ్డెన్ అనే చోట ఒక బడి ఉపాధ్యాయినుల వసతిగృహంలో వండి, ఊడ్చి, కుటుంబాన్ని నిలబెట్టింది. ముప్పై ఏళ్ళుగా బడిపంతులమ్మగా ఉన్న నాకు ఇది చదివినప్పుడు మనసు కదిలింది. ఎక్కడో ఒక పంతులమ్మ తిన్న పళ్ళెం కడిగిన ఇల్లాలి బిడ్డ ప్రపంచ సుందరి అయినది.

మ్యూజియం పుట్టుక కథ కూడా ముచ్చటైనదే. టామ్ బ్యాంక్స్ అనే పన్నెండేళ్ళ కుర్రవానికి, ఏవా ఇంకా విద్యార్థినిగా ఉన్న రోజులలో, ఆమె బుగ్గ మీద ఒక ముద్దు ఇచ్చిందట. ఆ కుర్రవాడు పెరిగి, జీవితమంతా ఆమెకు సంబంధించిన ప్రతి కాగితం, ప్రతి బొమ్మ ప్రోగుచేశాడు. 1989లో అతడు, 1990 జనవరిలో లండన్‌లో ఆమె కన్నుమూశారు. అతని భార్య ఆ సొత్తును ఊరికి అప్పగించింది. ఇప్పుడు అక్కడ ఆమె కట్టిన దుస్తులు, గోడపత్రాలు, బర్ట్ ఫైఫర్ అనే డచ్చి చిత్రకారుడు వేసిన ఆమె బొమ్మలు ఉన్నాయి. ఊరివారు తమ ఆడపడుచును మరువలేదు. అందుకు వారిని మెచ్చుకోవాలి. మన తోటల మీద పుట్టిన ఏ ఒక్కరి పేరిటనైనా మనం ఇంతపాటి గది కట్టామా?

అమెరికాలో ఒక నటుని లేక నటిని తీసుకొని, వారి చిత్రాలను వరుసగా చూపి సన్మానించడం మ్యూజియంలకు పాత అలవాటు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 1935లోనే చిత్రాల భాండాగారం తెరిచింది. రాలీలోని రాష్ట్ర కళా మ్యూజియంలో కూడా ఇటువంటి వరుసలు నడిచాయి. స్మిత్‌ఫీల్డ్‌వారు ఏవా పేరిట పండుగ చేసి ఆమె చిత్రాలు వేస్తారు. క్యారీలో 1946లో కట్టిన సినిమా హాలును పురపాలకులు కొని, బాగుచేయించి, 2014లో మళ్ళీ తెరిచారు. పాత చిత్రాలకు అక్కడ ఆదరణ ఉన్నది. నేను వెళ్ళినది పండుగ కాలం కాదు. కనుక మా అమ్మాయి ఇంటిలోనే పెద్ద టెలివిజన్ ముందు మా వరుస మేమే ఏర్పాటు చేసుకున్నాం. మొదటి రాత్రి 1946 నాటి "ది కిల్లర్స్". రెండవ రాత్రి 1951 నాటి "షో బోట్". మూడవ రాత్రి 1953 నాటి "మొగాంబో". నాలుగవ రాత్రి 1956 నాటి "భవానీ జంక్షన్".

మొదటి చిత్రం గురించి, మూడవ దాని గురించి ఎక్కువ చెప్పను. "ది కిల్లర్స్"లో ఆమె నల్లని దుస్తులు వేసుకొని నిలబడితే చాలు, కథ ఆమె చుట్టూ తిరుగుతుంది. "మొగాంబో"కు ఆస్కారు పోటీలో ఆమె పేరు నిలిచింది. ఆ ప్రశంస తగినదే. నవ్వించడం ఆమెకు చేతనవునని అక్కడ తెలుస్తుంది. కాని ఆ చిత్రంలో ఆఫ్రికా అంటే ఏనుగులు, గొరిల్లాలు, తెల్లవారి ప్రేమ కలహాలు. ఆఫ్రికా మనుషులు వెనుక నిలబడి సామాను మోస్తారు. మనం పుట్టిన ఖండం అది. చూస్తూ ఉంటే నవ్వు గొంతులో ఆగిపోయింది.

నేను చెప్పదలచినది "షో బోట్", "భవానీ జంక్షన్" చిత్రాల గురించి. రెండింటిలోనూ ఏవా మిశ్రమ రక్తం గల స్త్రీగా నటించింది.

"షో బోట్"లో ఆమె పేరు జూలీ. నదిలో తిరిగే నాటక నౌకలో ఆమె పేరుమోసిన గాయని. భర్త తెల్లవాడు. ఆమెలో నల్లవారి రక్తం ఉన్నదని ఎవరో పోలీసులకు చెబుతారు. అటువంటి వివాహం అక్కడ నేరం. జూలీ నౌక దిగిపోతుంది, త్రాగుడులో పడుతుంది. ఈ కథ మనకు పరాయిది కాదు. మన దేశంలో మిశ్రమ వివాహాల నిషేధ చట్టం 1949లో వచ్చింది, చిత్రం 1951లో వచ్చింది. ఆ చట్టం 1985 వరకు మన నెత్తిమీద ఉన్నది. నార్త్ కరోలినాలో కూడా అటువంటి చట్టం 1967 వరకు ఉండేది. అంటే ఏవా తెరమీద జూలీగా ఏడ్చిన నాడు, ఆమె సొంత ఊరిలో జూలీ నిజంగానే నేరస్థురాలు.

మరి ఆ పాత్ర ఎవరికి దక్కవలసినది? లీనా హార్న్ అనే నల్లజాతి గాయని, నటి అప్పుడు అదే కంపెనీలో ఉండేది. 1946లో ఒక చిత్రంలో జూలీ పాట ఆమె పాడి చూపింది కూడా. అయినా మొత్తం చిత్రం తీసేసరికి పాత్ర ఏవాకు వెళ్ళింది. తన కోసం తయారుచేసిన గోధుమవన్నె పూతనే ఏవాకు పూశారని లీనా తరువాత చెప్పుకున్నది. ఇద్దరూ స్నేహితులు. ఏవా ఆ పాత్రను దొంగిలించలేదు. ఆమెకు ఇచ్చారు, ఆమె చేసింది. తప్పు ఒక మనిషిది కాదు కనుకనే అది పెద్ద తప్పు.

ఇక్కడ కథ మరొక మలుపు తిరుగుతుంది. ఏవా జూలీ పాటలను తానే పాడింది, శ్రమపడి నేర్చుకొని పాడింది. చిత్రం విడుదలయ్యేసరికి ఆమె గొంతు తీసివేసి, ఆనెట్ వారెన్ అనే గాయని గొంతు పెట్టారు. గ్రామఫోను రికార్డు మీద మాత్రం ఏవా గొంతు మిగిలింది. పెదవులు ఆమెవి, పాట మరొకరిది. 1994లో వచ్చిన ఒక సంకలన చిత్రంలో ఆమె పాడిన పాటను ఆమె బొమ్మతో జతచేసి చూపారు. అప్పటికి ఆమె పోయి నాలుగేళ్ళు. మా అమ్మాయి అది వెదకి వినిపించింది. గొప్ప గాత్రం కాదు. కొంచెం బొంగురు, కొంచెం అలసట. కాని భర్త కోసం నౌక దిగిపోయే ఆడదాని గొంతు అలాగే ఉంటుంది. తీసివేసినదే అసలైనది.

ఆమె గొంతుమీద కత్తి పడడం అది మొదటిసారి కాదు. 1941లో ఆమె బావ న్యూయార్క్‌లో తన ఫోటో దుకాణం కిటికీలో పెట్టిన బొమ్మ చూసి కంపెనీవారు పిలిపించారు. పరీక్షకు తీసిన ముక్కలో శబ్దం లేదు. ఆమె కరోలినా యాస వారికి అర్థం కాదని మూగగా తీశారని చెబుతారు. ఏడేళ్ళ ఒప్పందం, వారానికి 50 డాలర్లు. ఉద్యోగంలో చేరగానే మొదటి పని ఆ యాసను విడిపించడం. ఆమెకు మాటలు నేర్పే పంతులమ్మలను పెట్టారు.

ఒప్పందం అనే మాట మన చెవికి వేరుగా వినబడుతుంది. 1860 నవంబరు 16న "ట్రూరో" ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు వచ్చినది మొదలు 1911 వరకు, లక్షా యాభై వేలకు పైగా జనం గిర్మిట్ మీద వ్రేలిముద్ర వేసి నాటాలుకు వచ్చారు. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. ఏవా బాధ, వారి బాధ ఒకటే అని నేను అనను. ఆమెకు పట్టుబట్టలు వచ్చాయి, మనవారికి కొరడా వచ్చింది. అయినా ఒక పోలిక ఉన్నది. పేదవాని బిడ్డను తీసుకున్నవాడు ముందు వానికి పనికివచ్చేది ఉంచుకొని, తక్కినది గీకివేస్తాడు. ఆమె వద్ద ముఖం ఉంచుకున్నారు. మన వద్ద చేతులు ఉంచుకున్నారు.

ఇక "భవానీ జంక్షన్". జాన్ మాస్టర్స్ నవల 1954లో వచ్చింది; జార్జి క్యూకర్ చిత్రంగా తీశాడు. తెల్లదొరలు భారతదేశం వదలిపోయే రోజులలో, ఒక రైల్వే జంక్షన్‌లో కథ. ఏవా పాత్ర విక్టోరియా జోన్స్ అనే ఆంగ్లో ఇండియన్ యువతి. ఆమె చుట్టూ ముగ్గురు పురుషులు: తన జాతివాడైన పాట్రిక్, సిక్కు యువకుడు రంజిత్, ఆంగ్లేయ సైనికాధికారి సావేజ్. ముగ్గురినీ ఆంగ్లేయులే ధరించారు. భారత ప్రభుత్వంతో ఒప్పందం కుదరక చిత్రాన్ని పాకిస్తాన్‌లోని లాహోరులో తీశారు.

నిజం చెప్పాలంటే ఏవా ఇందులో బాగా నటించింది. నాలుగు రాత్రులలో నాకు నచ్చిన నటన ఇదే. తనమీద పడిన సైనికుని చీకటిలో ఇనుపకడ్డీతో కొట్టి చంపిన తరువాత ఆమె చేతులు చూడండి. అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు. చీర కట్టుకొని వీధిలో నడిచేటప్పుడు ఆమె నడక మారుతుంది. గురుద్వారంలో మతం మార్చుకోబోతూ, ఉన్నట్టుండి అక్కడి నుండి పారిపోయే ఘట్టంలో ఆమె కళ్ళలోని భయం అద్దె భయం కాదు. "నేను ఎవరిదానను" అని అడుగుతున్న మనిషిని ఆమె అర్థం చేసుకున్నది. పొగాకు పల్లె నుండి యాస వదలి వచ్చిన పిల్లకు ఆ ప్రశ్న తెలియకుండా ఎలా ఉంటుంది?

కాని చిత్రం ఆమెను మాట్లాడనీయదు. కంపెనీవారు చిత్రాన్ని మళ్ళీ కత్తిరించి, కథనంతా సావేజ్ రైలులో కూర్చొని తన పై అధికారికి చెబుతున్నట్లు మార్చారు. విక్టోరియా బ్రతుకు ఆంగ్లేయుని నోటి మాట అయిపోయింది. నవల చివర ఆమె తన జాతివాడైన పాట్రిక్‌తో ఉంటుంది. చిత్రంలో పాట్రిక్ చనిపోతాడు, ఆమె సావేజ్‌కు దక్కుతుంది. తెల్లవానికి దక్కడమే మంచి ముగింపు అని ఎవరు తీర్మానించారు?

ఇంకొక ఘట్టం నన్ను నిద్రపోనీయలేదు. స్వాతంత్ర్యం కోరే జనం రైలు పట్టాల మీద పడుకొని సత్యాగ్రహం చేస్తారు. సావేజ్ పాకీ పనివారిని పిలిపించి, మలం బకెట్లు వారిమీద పోయిస్తాడు. అతడు తెలివిగలవాడని మనం మెచ్చుకోవాలన్నట్లుగా ఆ ఘట్టం తీశారు. పట్టాల మీద పడుకున్నవారు లాహోరు ప్రజలు. వారిలో ఒక్కనికీ పేరు లేదు. 1946లో డర్బన్‌లో మన పెద్దలు సత్యాగ్రహానికి కూర్చొని జైళ్ళకు వెళ్ళారు. ఈ చిత్రం చూసి, ఇంటికి వచ్చి, మా అమ్మ ఏవా బొమ్మ కత్తిరించుకున్నది. నేను అమ్మను తప్పుపట్టడం లేదు. చీర కట్టిన అంత పెద్ద తార ఆమెకు తెరమీద మరొకతె దొరకలేదు.

దొరకలేదా, లేక దాచారా? మెర్ల్ ఒబెరాన్ అనే నటి 1911లో బొంబాయిలో పుట్టినది. "ది డార్క్ ఏంజెల్" అనే 1935 నాటి చిత్రానికి ఉత్తమ నటి పోటీలో నిలిచింది. తాను టాస్మేనియాలో పుట్టానని జీవితమంతా చెప్పుకున్నది. తనను పెంచిన నల్లని తల్లిని అతిథుల ముందు పనిమనిషిగా చూపించింది. 1979లో ఆమె చనిపోయిన తరువాతనే లోకానికి నిజం బాగా తెలిసింది. అంటే చూడండి: నిజంగా మన వైపు రక్తం గలామె తెల్లదొరసానిగా నటిస్తూ బ్రతికింది, తెల్లపిల్ల మన ఆడపడుచుగా నటించి డబ్బు గడించింది. ఇక మైసూరు మావటివాని కొడుకు సాబు సంగతి. 1937లో "ఎలిఫెంట్ బాయ్"తో లోకమంతా పేరు పొంది, యుద్ధంలో అమెరికా విమానదళంలో పనిచేసి కూడా, పెద్దవాడయ్యాక అడవి పిల్లవాని వేషాలు దాటిపోలేక 39 ఏళ్ళకే పోయాడు.

తారల వరుసలు నడిపే మ్యూజియంలవారికి నా మనవి ఇదే. మీరు ముఖాన్ని సన్మానించండి, వద్దనను. కాని ఆ ముఖానికి పక్కన తీసివేసిన గొంతును కూడా వినిపించండి. "షో బోట్" వేసిన రాత్రి లీనా హార్న్ పాట కూడా వేయండి. "భవానీ జంక్షన్" తరువాత మెర్ల్ ఒబెరాన్ చిత్రం ఒకటి వేయండి. అప్పుడు ప్రేక్షకుడు మురిసిపోవడంతో ఆగడు, ఆలోచిస్తాడు. ఏవా గొప్పతనం అందువల్ల తగ్గదు. నా లెక్కలో పెరిగింది.

మనం మాత్రం ఒకరిని అడిగే ముందు మన ఇల్లు చూసుకోవాలి. మా అవ్వ చెరకుతోట బారకాసులలో పుట్టినది. వారి పెద్దలది విశాఖ జిల్లా. "ఏటి సేస్తన్నావే?" అని పిలిచేది. సంఘం హాలులో శనివారం తెలుగు తరగతికి వెళ్ళి నేను ఆ మాట అంటే పంతులుగారు బెత్తం బల్లమీద కొట్టి, "ఏమి చేయుచున్నావు అనవలెను" అని దిద్దారు. ఆయన మంచివారే, ఆయన వలననే నేను ఈ వ్యాసం వ్రాయగలుగుతున్నాను. కాని ఇంటికి వెళ్ళి నేను అవ్వను దిద్దాను. ఆ తరువాత అవ్వ నాతో తెలుగు మాట్లాడడం తగ్గించింది. కంపెనీవారు ఏవా గొంతు తీసినట్లు నేను మా అవ్వ గొంతు తీశాను. ఇప్పుడు ఎంత వెదకినా ఆమెకు రికార్డు కూడా లేదు.

మరొకటి కూడా చెప్పాలి. మా అవ్వకు ఒక చెల్లెలు ఉండేది. మెరుపుతీగ వంటి మనిషి, పచ్చని ఛాయ. ఒక కలర్డ్ కుటుంబపు అబ్బాయిని పెళ్ళాడి, కాగితాలలో జాతి మార్పించుకొని, పేరు మార్చుకొని, వేరే ప్రాంతానికి వెళ్ళింది. చీర మానింది. అక్కను చూడడానికి చీకటి పడిన తరువాతనే వచ్చేది. ఆమె సిగ్గుపడి అలా వచ్చేదని మాకు చెప్పారు. అది అబద్ధం. పగలు వస్తే మనవాళ్ళు పలకరించరు కనుక రాత్రి వచ్చేది. మా కుటుంబ వంశవృక్షంలో ఆమె కొమ్మ లేదు. చట్టం చేసినది దొరలు. కొమ్మ నరికినది మనమే. జూలీని చూసి చీకటి హాలులో ఏడ్చిన మన ఆడవారు, వాకిట నిలబడిన జూలీకి మంచినీళ్ళు ఇవ్వలేదు.

అందుచేత మన సభ పెద్దలకు ఒక సూచన. వచ్చే ఉగాది తరువాత నాలుగు శనివారాలు మన హాలులో ఒక చిత్ర వరుస పెట్టుదాం: "ఎలిఫెంట్ బాయ్", "ది డార్క్ ఏంజెల్", "షో బోట్", "భవానీ జంక్షన్". ప్రతి చిత్రానికి ముందు ఒకరు పావుగంట మాట్లాడాలి, తరువాత పెద్దవారు తమకు జ్ఞాపకమున్నది చెప్పాలి. వారి మాటలను వారి యాసలోనే రికార్డు చేయాలి, దిద్దకూడదు. యంత్రం నేను తెస్తాను. టీ, వడలు ఎవరైనా చూసుకోగలరు.

మొదటి శనివారం నేను మా అవ్వ చెల్లెలి పేరు చెప్పి మొదలుపెడతాను. ఆమె అసలు పేరు నరసమ్మ.